చెయ్యి కాలితే పేస్టు కాదు, ఇరవై నిమిషాలు ఇవ్వండి

మావారి స్నేహితుడి భార్య కూతురికి పురుడు పోయడానికని అమెరికా వెళ్ళింది. ఆర్నెల్లదాకా రాదు. ఆ సంగతి ఫోన్లో విని మావారు నా దగ్గరికొచ్చి, "పాపం, చేతులు కాల్చుకుంటున్నాడు, ఆదివారం భోజనానికి పిలుద్దామా?" అన్నారు. పిలిచాం. వచ్చారు. వడ్డిస్తూ వడ్డిస్తూ ఆయన చేతుల వంక చూశాను. ఒక్క మచ్చ లేదు. అడిగితే తెలిసింది, అన్నం ఎలక్ట్రిక్ కుక్కర్లో, కూరలు కర్రీ పాయింట్ నుంచి, టిఫిన్ సందు చివర హోటల్లో. ఆయనకి పప్పు వడ్డిస్తున్న నా ఎడమ మణికట్టు మీద మాత్రం మూడంగుళాల మచ్చ ఉంది. దాన్నెవరూ చూడలేదు. చూసే అలవాటు ఎవరికీ లేదు.

డిగ్రీలో తెలుగు చదువుకున్న పాపానికి నాకు మాటలు పట్టుకుని పీకే జబ్బొకటి ఉంది. మగవాడు నాలుగు రోజులు వండుకుంటే మన భాష "చేతులు కాల్చుకుంటున్నాడు" అంటుంది. నిజంగా కాలక్కర్లేదు, గరిటె పట్టుకుంటే చాలు, జాలి వచ్చేస్తుంది. ఆడదానికి నిజంగానే చెయ్యి కాలినా అదే మాట, "చెయ్యి కాల్చుకుంది". కానీ ఇక్కడ జాలి లేదు, నేరం ఉంది. కాలలేదు, కాల్చుకుంది. చూసుకోవద్దూ, తొందరెందుకు, ఫోన్ చెవిలో పెట్టుకుని వండితే అంతే మరి. ఒకే మాట, మగవాడికి సానుభూతి, మనకి చీవాట్లు.

ఈ మచ్చ కథ చెప్పాలి. రెండేళ్ళ కిందట కనుమ రోజు. కనుమ నాడు మినుము తినాలని మా ఇంట్లో గారెలు తప్పవు. ఆడపడుచు కుటుంబం, మరిది కుటుంబం, మేము, మొత్తం పధ్నాలుగు మందిమి. గారె ఒకటి అరిటాకు ముక్క మీంచి వంకరగా జారి బాణలి అంచుకి తగిలి పడింది. నూనె చింది మణికట్టు మీద పడింది. గారెల నూనె ఎంత వేడిగా ఉంటుందో తెలుసా? నూట డెబ్బై, నూట ఎనభై డిగ్రీలు. మరిగే నీళ్ళు వంద డిగ్రీలే. పైగా నీళ్ళు జారిపోతాయి, నూనె చర్మాన్ని పట్టుకుని ఉంటుంది.

అరిచాను. అందరూ వచ్చారు. ఆ మాట కాదనను, నిజంగానే అందరూ వచ్చారు. అత్తయ్య పసుపు డబ్బా తెచ్చారు. ఆడపడుచు టూత్‌పేస్టు తెచ్చింది. మరిది ఫ్రిజ్ లోంచి ఐసుముక్కలు తెచ్చాడు. తోడికోడలు బంగాళాదుంప తురమడానికి కూర్చుంది, ఎక్కడో వీడియోలో చూసిందట. వాళ్ళ పెద్దమ్మగారు "ఎందుకివన్నీ, ఆ గారెల పిండే రాయండి, చల్లగా ఉంటుంది" అంది. ఇంట్లో సిరాబుడ్డి లేదు కాబట్టి సరిపోయింది, ఉంటే అదీ పూసేవారు. నా చిన్నప్పుడు అమ్మ నాకు సిరానే పూసేది. నీలం రంగు చేత్తో బడికి వెళ్తే మాస్టారు కూడా "కాలిందా" అనే అడిగేవారు.

చివరికి పేస్టు గెలిచింది. చల్లగా, మంట తగ్గినట్టే ఉంది. ఇంతమంది ఇన్ని తెచ్చారు కదా, ఒక్కరు స్టవ్ ఆపలేదు. ఒక్కరు నా చేతిలో గరిటె తీసుకోలేదు. ఇంకా సగం పిండి ఉంది. తెల్లగా పేస్టు పూసిన చెయ్యి పైకెత్తి పట్టుకుని మిగిలిన గారెలన్నీ నేనే వేశాను. గారెలు చాలా బాగా వచ్చాయని అందరూ మెచ్చుకున్నారు.

రాత్రికి బొబ్బలెక్కింది. పేస్టు ఎండి పెచ్చులు కట్టింది, కడగబోతే బొబ్బ పైపొర దాంతోపాటు ఊడొచ్చింది. నాలుగో రోజుకి చుట్టూ ఎర్రబడి చీము పట్టింది. అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన సెలైన్ తో తడిపిన గాజుగుడ్డతో మిగిలిన పేస్టు పెచ్చులు ఒక్కొక్కటీ తీశారు. కాలినప్పటి కంటే అప్పుడే ఎక్కువ ఏడ్చాను. తీస్తూ తీస్తూ ఒక్క ప్రశ్న అడిగారు. "కాలిన వెంటనే నీళ్ళకింద ఎంతసేపు పెట్టారమ్మా?"

"పెట్టలేదండీ. నీళ్ళు తగిలితే బొబ్బలెక్కుతాయంటారు కదా."

ఆయన తలెత్తలేదు. రోజుకి ఎంతమంది ఇదే జవాబు చెప్తారో. టీటీ ఇంజెక్షను, మాత్రలు, రోజు విడిచి రోజు కట్టు. మానడానికి నెల దగ్గర పట్టింది. వెంటనే ఇరవై నిమిషాలు కుళాయి కింద పెట్టి ఉంటే చాలావరకు ఇంట్లోనే మానేదన్నారు. ఇరవై నిమిషాలు! ఇరవై నిమిషాల సంగతి మా నలభై ఏళ్ళ జీవితాల్లో మాకెవరూ చెప్పలేదు. పేస్టు గురించి మాత్రం పధ్నాలుగు మందికీ తెలుసు.

ఈ నీళ్ళు, బొబ్బల సంగతి ముందు తేల్చుకుందాం. ఇంటింటా పాతుకుపోయిన అబద్ధం ఇది. బొబ్బ నీళ్ళవల్ల రాదు. వేడి చర్మంలోకి ఎంత లోతుగా దిగిందన్న దాన్ని బట్టి వస్తుంది. పైపొర మాత్రమే కాలితే ఎర్రబడి మండుతుంది, అంతే. ఆ కింది పొరదాకా దిగితే రెండు పొరల మధ్య ఊట చేరి బొబ్బవుతుంది. నీళ్ళు పోసినా పొయ్యకపోయినా ఆ బొబ్బ రావాల్సిందైతే వస్తుంది. నీళ్ళు పోస్తే ఇంకా లోతుకి దిగకుండా ఆగుతుంది. మనవాళ్ళు నీళ్ళు పోశాక బొబ్బ రావడం చూసి నీళ్ళని తిట్టారు. వాన పడ్డాక గొడుగుల్ని తిట్టినట్టుంది ఇది.

మరి ఇరవై నిమిషాలెందుకు, ఒకసారి కడిగేస్తే చాలదా? చాలదు. రోజూ పోపు పెట్టే మనకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. ఇనప మూకుడులో పోపు వేగాక స్టవ్ ఆపేస్తే ఆగుతుందా? వెంటనే పప్పులో వెయ్యకపోతే ఎండుమిరపకాయలు మాడి నల్లబడిపోతాయి. మంట లేదు, వేడి ఉంది. చర్మం అంతే. నూనె తుడిచేశాం, చెయ్యి వెనక్కి లాక్కున్నాం, అయిపోయిందనుకుంటాం. లోపల ఉడుకుతూనే ఉంటుంది. ఆ వేడిని బయటికి లాగడానికి పారే నీళ్ళని మించింది లేదు. ఐసు నీళ్ళు కాదు, మామూలు చల్లటి నీళ్ళు, సన్నటి ధారగా, ఇరవై నిమిషాలు. వెంటనే కుదరకపోతే కాలిన మూడు గంటల్లోపు ఎప్పుడు పెట్టినా కొంత మేలు ఉంటుంది.

ఇప్పుడు ఆ పసుపూ నెయ్యీ పేస్టూ ఏం చేస్తాయో ఆలోచించండి. ఉడుకుతున్న గిన్నె మీద మూత పెడతాయి. నెయ్యి, వెన్న, నూనె రాస్తే వేడి లోపలే ఉండిపోతుంది. పేస్టులో పుదీనా చల్లదనం ఉంటుంది, మంట తగ్గినట్టు అనిపిస్తుంది, దానికితోడు నురగొచ్చే సరుకు, పళ్ళు తోమే పొడి, అవన్నీ పచ్చి చర్మానికి పడవు. పసుపు దేవుడి గదిలోదైనా వంటింటి డబ్బాలోదైనా శుభ్రమైందని నమ్మకం లేదు, పైగా గాయం అసలు రంగు డాక్టరుకి కనిపించకుండా చేస్తుంది. పిండి, తురుము, పచ్చి గుడ్డు సొన, ఇవి గాయానికి అంటుకుపోయి క్రిముల్ని పిలుస్తాయి. ఐసుముక్క నేరుగా పెడితే రక్తనాళాలు బిగుసుకుపోతాయి, కాలిన చర్మానికి మళ్ళీ చలిదెబ్బ తగులుతుంది. ఇక మా ఊళ్ళో ఒక పెద్దాయన ఉండేవారు, "ఉష్ణం ఉష్ణేన శీతలం" అని కాలిన వేలు మళ్ళీ మంటకి చూపించమనేవారు. సంస్కృతంలో చెప్పాడు కదాని చేసేవాళ్ళు కూడా ఉండేవారు.

"మా అమ్మమ్మలు ఇవే చేశారు, బాగానే ఉన్నారు కదా" అనేవాళ్ళున్నారు. నేనూ అన్నాను ఒకప్పుడు. చిన్న కాలుడు వారం పది రోజుల్లో దానంతటదే మానుతుంది. మీరు పసుపు రాసినా, సిరా రాసినా, ఏమీ రాయకపోయినా మానుతుంది. ఒళ్ళు చేసుకున్న వైద్యానికి బిరుదు మాత్రం డబ్బాలో ఉన్నదానికి ఇస్తాం. మానకుండా చీము పట్టినప్పుడు మాత్రం "దాని ఒళ్ళు అలాంటిది" అంటాం. అమ్మమ్మల ఇంట్లో కుళాయి లేదు. నూతిలోంచి తోడిన నీళ్ళని ఇరవై నిమిషాలు ధారగా ఎవరు పోస్తారు? చేతికందింది రాసుకుని పనిలో పడ్డారు. దాన్ని వైద్యం అని వాళ్ళు కూడా అనుకుని ఉండరు, దిక్కులేక చేశారు. కుళాయి వచ్చాక కూడా అదే చెయ్యడం ఏ సంప్రదాయం?

సరే, ఇదంతా వైద్యం సంగతి. నా అసలు కోపం దీనిమీద కాదు.

పేస్టు రాయడానికి ఎంతసేపు పడుతుంది? పది సెకన్లు. పసుపుకి? పది సెకన్లు. అదీ వాటి మహత్యం. పది సెకన్లలో వైద్యం అయిపోతుంది, మనిషి మళ్ళీ స్టవ్ దగ్గరికి వెళ్ళిపోతుంది. అందరికీ ఏదో చేశామన్న తృప్తి, గారెలు ఆగలేదన్న నిశ్చింత. నీళ్ళ వైద్యానికి పైసా ఖర్చు లేదు, కానీ అది ఇరవై నిమిషాలడుగుతుంది. ఆ ఇరవై నిమిషాలు ఆవిడ ఏ పనీ చెయ్యలేదు. ఇంకెవరో గరిటె పట్టుకోవాలి, లేదా స్టవ్ ఆపి అందరూ ఆకలికి ఓర్చుకోవాలి. మన ఇళ్ళల్లో దొరకని మందు అదే. ఇంటికి బంధువులొచ్చిన రోజున ఆడది పొయ్యి దగ్గర్నుంచి కదిలి సింకు దగ్గర ఊరికే నిలబడడమా? చెయ్యి కాలినంత మాత్రానా?

క్రికెట్ చూస్తుంటే ఇరవై నిమిషాల్లో ఐదు ఓవర్లు కూడా అవవు. సీరియల్ ఒక్క భాగం అరగంట. ఆ మాత్రం సమయం ఎవరి దగ్గర లేదో చెప్పండి.

అంతెందుకు, నేనే నాకు ఇవ్వలేదు. నన్నెవరూ మెడపట్టి గారెలు వెయ్యమనలేదు కదా. "నేను చెయ్యలేను, కుళాయి కింద చెయ్యి పెట్టుకోవాలి" అని ఉంటే మరిదైనా వేసేవాడేమో, వాడికి వంట వచ్చు. అనలేదు. అనాలని కూడా తోచలేదు. ఓర్చుకోవడంలో ఒక గొప్ప ఉందని మనకెవరో నేర్పారు. చేతుల మీద మచ్చలు చూపించుకుని "ఇది పులుసుది, ఇది కుక్కరు ఆవిరిది, ఇది దీపావళి నాటిది" అని పతకాల్లా లెక్క చెప్పుకునే ఆడవాళ్ళ మధ్య పెరిగాను. నేనూ చెప్పుకున్నాను.

ఇంకా సిగ్గుపడాల్సింది ఒకటుంది. మా అబ్బాయికి ఎనిమిదేళ్ళప్పుడు ఆగి ఉన్న బండి సైలెన్సరు పిక్కకి తగిలింది. వాడు గుక్కపట్టి ఏడుస్తూ "నీళ్ళు పొయ్యమ్మా" అన్నాడు. పసివాడికి వాడి ఒళ్ళే చెప్పింది. నేను "వద్దురా, బొబ్బలెక్కుతాయి" అని పసుపూ కొబ్బరినూనే కలిపి దట్టంగా పట్టించాను. బొబ్బ వచ్చింది, చితికింది, మానడానికి చాలా రోజులు పట్టింది, రూపాయి బిళ్ళంత కాలింది రెండు రూపాయి బిళ్ళలంత మచ్చయింది. ఇప్పుడు వాడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, లాగు వేసుకుని ఇంట్లో తిరిగినప్పుడల్లా నాకు కనిపిస్తుంది.

చిన్నదే కదా, ఇంత రాద్ధాంతమా అనుకుంటారేమో. చిన్నదాన్ని చిన్నదిగానే ఉంచడం కోసమే ఈ రాద్ధాంతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో మన దేశంలో ఏటా పది లక్షల మందికి పైగా ఓ మోస్తరుగానో తీవ్రంగానో కాలుతున్నారు. నాలాగా మణికట్టు కాల్చుకుని గారెలు వేసినవాళ్ళు ఆ లెక్కలోకి రానే రారు.

అందుకని మా ఇంట్లో ఇప్పుడు జరిగేది చెప్తాను, నచ్చితే చెయ్యండి. ఎవరికి కాలినా ముందు స్టవ్ ఆపేది పక్కనున్నవాళ్ళు, కాలినవాళ్ళు కాదు. గాజులు, ఉంగరం, వాచీ వెంటనే తియ్యాలి. కాసేపటికి చెయ్యి వాస్తుంది, తర్వాత ఉంగరం కోసి తియ్యాల్సి వస్తుంది. గాజులు తియ్యనంటే తియ్యననే పెద్దవాళ్ళుంటారు, చెయ్యి ఖాళీగా ఉండకూడదని. ఆ గాజులే రెండో చేతికి వెయ్యండి, ఏ దోషమూ లేదు. బట్ట మీద వేడివేడిది పడితే బట్ట తీసెయ్యాలి, చర్మానికి అంటుకుపోతే మాత్రం లాగకూడదు. తర్వాత కుళాయి. ఫోన్లో ఇరవై నిమిషాలు పెట్టుకోవాలి, ఎందుకంటే నాలుగు నిమిషాలకే ఇరవై అయినట్టనిపిస్తుంది. చిన్నపిల్లలకైతే కాలిన చోట మాత్రమే నీళ్ళు పోసి మిగతా ఒళ్ళు దుప్పటి కప్పి ఉంచాలి, లేకపోతే చలి పట్టేస్తుంది.

ఆ తర్వాత శుభ్రమైన, నూగు ఊడని పల్చటి గుడ్డ వదులుగా కప్పాలి. దూది పెట్టకూడదు, పీచులు అంటుకుంటాయి. మందుల షాపులో అంటుకోని గాజుగుడ్డ దొరుకుతుంది, రెండు తెచ్చి పెట్టుకోండి. బొబ్బ చిదమకూడదు. దేవుడు వేసిన కట్టు అది. నొప్పికి పారాసిటమాల్ వేసుకోవచ్చు. చర్మం చితక్కుండా ఎర్రబడి ఊరుకుంటే, పూర్తిగా చల్లారాక ఏ వాజలీనో రాసుకుంటే సాగినట్టు లేకుండా హాయిగా ఉంటుంది. రాయడం మీద అంత మోజుంటే అప్పుడు రాసుకోండి, ఎవరొద్దన్నారు.

ఇంట్లో చూసుకునేది ఇంతవరకే. కాలింది వాళ్ళ అరచేతి కంటే పెద్దదైతే, మొహం మీదైతే, కీళ్ళ మీదా వేళ్ళ సందుల్లో మర్మస్థానాల్లో అయితే, తెల్లగా పాలిపోయో నల్లగా మాడిపోయో నొప్పి తెలియకుండా ఉంటే ఆస్పత్రికే. కరెంటుతో కాలినా, బాత్రూం కడిగే యాసిడ్ పడినా అంతే. పసిపిల్లలు, బాగా పెద్దవాళ్ళు, షుగరున్నవాళ్ళు, వీళ్ళ విషయంలో చిన్నదైనా చూపించడమే మంచిది. నా పేస్టు చేతిలాగా ఎర్రదనం చుట్టూ పాకుతున్నా, చీము, జ్వరం వచ్చినా నాలుగు రోజులు కూర్చోవద్దు. వెళ్ళేముందు నీళ్ళు మాత్రం మానొద్దు. టీటీ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే అదీ అడగండి.

అన్నట్టు, మసిగుడ్డ తడిగా ఉంటే దాంతో గిన్నె దించకండి. తడిగుడ్డ చల్లగా ఉంటుందనుకుంటాం కానీ, దానిలోని నీరు ఆవిరై క్షణంలో చెయ్యి కాలుస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని సామెత చెప్పుకుంటాం గానీ, ముందు పట్టుకునే ఆకు సంగతి ఎవరూ చెప్పరు.

నీళ్ళ విషయంలో ఒక అభ్యంతరం నిజమైంది, దాన్ని కొట్టిపారెయ్యను. ఇరవై నిమిషాలు కుళాయి వదిలితే నలభై యాభై లీటర్లు పోతాయి. ట్యాంకరు నీళ్ళు కొనుక్కునే అపార్టుమెంట్లకి అది మాటలు కాదు. ఇంకొకటి, మా విజయవాడలో మే నెలలో మేడ మీది ట్యాంకులోంచి వచ్చే నీళ్ళు కాలినచోట పోస్తే ఇంకా కాలేలా ఉంటాయి. ఈ రెండింటికీ జవాబు మా ఇంట్లోనే దొరికింది, పోయిన వేసవిలో.

మా అమ్మాయి ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో ఉంది. సాయంత్రం దోసెలు తను వేస్తానంది. నేను హాల్లో బట్టలు మడతపెడుతున్నాను. పెనం శబ్దం, ఆ తర్వాత "స్స్" అని చిన్న మూలుగు. వంటింట్లోకి వెళ్ళేసరికి కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని ఎడమచేత్తో దోసె తిరగేస్తోంది.

"ఏమైందే?"

"ఏం లేదమ్మా."

పదిహేడేళ్ళ పిల్ల. ఏం లేదట. ఆ మాట దానికి ఎవరు నేర్పారు? నేనే. కనుమ నాడు పేస్టు చెయ్యి పైకెత్తి గారెలు వేస్తుంటే అక్కడే నిలబడి చూసింది. మూడు వేళ్ళ కింది భాగం పెనం అంచుకి తగిలి తెల్లగా కమిలిపోయి ఉంది. స్టవ్ ఆపాను. ఉంగరం తీశాను. కుళాయి తిప్పితే సలసలమనే నీళ్ళు. మావారిని కేకేసి కుండ తెమ్మన్నాను, తాగే నీళ్ళ మట్టికుండ. కింద బేసిను పెట్టి, దాని చెయ్యి బేసిను మీద పట్టుకుని, ఆయన్ని చెంబుతో పొయ్యమన్నాను. పోసిన నీళ్ళు బేసినులో పడితే మళ్ళీ అవే ముంచి పోస్తూ, వెచ్చబడ్డప్పుడు కుండలోంచి కొత్తవి పోస్తూ. మొత్తం రెండు బిందెలైనా పట్టలేదు. ఆ నీళ్ళు తర్వాత తులసికోటలో పోశాం.

అబ్బాయి వచ్చి "టిఫినో?" అన్నాడు. పిండి గిన్నె వాడి చేతిలో పెట్టాను. వాడు వేసిన మొదటి దోసె ఏ దేశపు పటమో చెప్పడం కష్టం. రెండోది పెనానికి అంటుకుపోయింది. మూడోది తినొచ్చు. "చేతులు కాల్చుకోకురా" అంది అక్కడే నిలబడ్డ అత్తయ్య.

ఏడెనిమిది నిమిషాలకి "ఇక చాలమ్మా" అంది పిల్ల. చాలదన్నాను. ఊరికే నిలబడాలంటే దానికి ఇబ్బందిగా ఉంది. మా నాయన పోసిన నీళ్ళని నేను ఎప్పుడూ చూడలేదని గుర్తొచ్చింది, మావారిని చూస్తుంటే. వంగి నడుం నొప్పెడుతున్నా చెంబు ఆపలేదు. కనుమ రోజు ఈయనే పేస్టు మూత తీసింది.

అత్తయ్య చేతిలో పసుపు డబ్బా ఉంది. అలవాటుగా తెచ్చేశారు. కానీ ముందుకి రాలేదు, కాసేపు చూసి డబ్బా గట్టు మీద పెట్టేశారు. తర్వాత చీర కొంగు తప్పించి మోచేతి పైనున్న పాత మచ్చొకటి చూపించారు. ఇన్నేళ్ళుగా అది పుట్టుమచ్చనుకున్నాను నేను. "మా అత్తగారి తద్దినం నాడు, వడలు వేస్తుంటే" అన్నారు. "మడిలో ఉన్నాను. కాలిందన్నా ఎవరూ దగ్గరికి రాలేదు. భోక్తలు లేచేదాకా వండాను."

ఎవరం ఏమీ అనలేదు. చెంబు చప్పుడు తప్ప ఏమీ లేదు. అబ్బాయి కూడా గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఫోను మోగింది. ఇరవై నిమిషాలైపోయాయి. మావారు చెంబు దించి నడుం పట్టుకుని లేవబోయారు.

"ఇంకో ఐదు నిమిషాలు పొయ్యరా, కుండలో నీళ్ళున్నాయిగా" అన్నారు అత్తయ్య.